ఎర్ర గుర్తు ప్యాకెట్టు

అన్నయ్యా,

నువ్వు పోయాక ఆచారం ప్రకారం వదినకూ నాకూ మనువు చేశారు.

నిన్న డుంబ్రిగుడ సంతకు పట్నం నుంచి ఒకమ్మాయి వచ్చింది. తను రాగిపిండి అంటున్న మన చోడిపిండి ప్యాకెట్ల ముందువైపు ఏ గుర్తు వేస్తే జనానికి అర్థమవుతుందో చూస్తోంది. పంచదార ఎక్కువ కలిపినదానికి ఎరుపు, కలపనిదానికి ఆకుపచ్చ. వదిన రెండూ సరిగ్గానే చెప్పింది. ఒకటి ఉంచుకోమంటే మాత్రం ఎర్రదే సంచిలో వేసుకుంది.

"తెలిసి కూడా అదెందుకమ్మా?"

"మా ఆయనకి తీపి నేకపోతే గొంతు దిగదు తల్లీ."

ఆ అమ్మాయి పక్కనున్న నన్ను చూసి నవ్వింది. గుర్తు అర్థమైంది గానీ ఎంపిక మారలేదని రాసుకుంది.

తీపి ఇష్టం నీకు. నేను ముట్టను.

సాయంత్రం వదిన ఆ పిండితో జావ కాచి నా ముందు పెట్టింది. అంతా తాగేశాను. నీకు చుక్క కూడా మిగల్చలేదు.