చేను చుట్టూ నీ చీరెలు

అత్తమ్మా, నువ్వు పోయి ఇయ్యాల్టికి ఏడాది.

మనిషి వాసన తగిలితే అడవిపందులు రావని పల్లిచేను చుట్టూ నువ్వు కట్టి విడిచిన పాత చీరెలే కట్టిన. వానలకు వాసన పోయి, పందులు నాలుగు సాళ్లు తవ్విపోయినయి.

పక్కచేను ఎల్లయ్య మామ పందులకని కరెంటు తీగ పెట్టిండు. నిన్న దానికి జింక తగిలి చచ్చింది, కడుపుల పిల్లతోటి. "దాన్నెవరు రమ్మన్నరు?" అని నవ్విండు. పంట పోయిందని మేం మొత్తుకున్ననాడు రాని ఫారెస్టు సార్లు జింక కోసం పాలమూరు నుంచి జీపుల వచ్చిండ్రు. ఆకలి దానికీ ఉంటది, మనకూ ఉంటది. ఆ ఆకలి ఒక్కరికీ పట్టదు.

ఇయ్యాల నీ కొడుకు గూడ తీగచుట్ట తెచ్చిండు. నలుగుర్ల నోరు తెరవని నేను ఎల్లయ్య మామ ముందరనే ఆయన్ను అడిగిన: "పొద్దుగాల నీళ్లు పెట్టబోయేది నేను. రేపు నాకు తగిలితే, నన్నెవరు రమ్మన్నరని అంటవా?"

నీ కొడుకు అప్పుడే తీగచుట్ట వాపస్ ఇచ్చొచ్చిండు.

కాని పంట గూడ దక్కాలె గద అత్తమ్మా. నీ వాసన పోతదని ఏడాది నుంచి ఉతకకుండ పెట్టెల దాచుకున్న ఆకుపచ్చ చీరెను, పందులొచ్చే దిక్కు కట్టొచ్చిన.