సాలమ్మ ఇంటికి వెళ్లాను

రాజశ్రీ మేడమ్‌కు నమస్కారాలు.

క్లాసుకు రాలేక తార్నాక బస్టాపులో కూర్చుని ఇది రాస్తున్నాను.

నర్సింగ్, ఫార్మసీ, సోషల్ వర్క్ విద్యార్థులం కలిసి పనిచేయడం నేర్చుకోవాలని మీరు మా ముగ్గురికీ ఆసుపత్రిలో ఉన్న గోల్నాక సాలమ్మను అప్పగించారు. ఒంటరి మనిషి, షుగర్ జబ్బు. "నాకు చదువు రాదు బిడ్డా, సూది మీద గీతలు గూడ కనవడయి" అని ఆమె నాకొక్కదానికే చెప్పింది. నర్సింగ్ చదివే నవ్యకు చెప్పబోతే, "మందుల సంగతి మేం చూస్కుంటం, నువ్వు పింఛను సంగతి చూడు" అన్నది. నేను చిన్నబుచ్చుకుని ఊరుకున్నాను. డిశ్చార్జి రోజు ఫార్మసీ విద్యార్థి సంజీవ్, ఇన్సులిన్ మోతాదు రాసిన కాగితం ఆమె చేతిలో పెట్టాడు. నేను పక్కనే ఉన్నాను.

నిన్న ఆమె ఇంటికి వెళ్లాను. తాళం వేసి ఉంది. పక్కింటావిడ, "సూది ఎక్కువ తీస్కున్నదంట. తెల్లారి లేవలే. మట్టి గూడ చేసిండ్రు" అన్నది.

నవ్యకు ఫోన్ చేశాను. చాలాసేపు ఏడ్చి, "ఇంకొక్కసారి చెప్తే ఇంటుంటి గద" అన్నది.

రేపు క్యాంపస్‌లో మేం ముగ్గురం కలిసి ఏం నేర్చుకున్నామో అందరి ముందు చదవాలి. మేం ముందే రాసిపెట్టుకున్న ఆ కాగితాల్లో సాలమ్మ కోలుకుని ఇంటికి వెళ్లిన మనిషి. నేను చదవలేను మేడమ్. నా పేరు తీసేయండి.

మీ విద్యార్థిని