రెండో ఆదివారం ఇచ్చే పేరు

8 ఫిబ్రవరి 2004, ఆదివారం

పెంపుడు జంతువుల వ్యాపారుల సంఘం పెట్ సర్కిల్ మీటింగ్ ఎప్పటిలాగే నెలలో రెండో ఆదివారం, సీతమ్మధార హోటల్ హాల్లో జరిగింది. మా ఆచారం ఒకటే. ప్రతి సభ్యుడూ లేచి, తనకు తెలిసిన ఒక కస్టమర్ పేరు మరో సభ్యుడికి ఇవ్వాలి. కుక్కపిల్లను అమ్మినవారు పశువుల డాక్టరునైన నాకు ఇస్తారు. నేను ఫుడ్డు అమ్మేవారికి ఇస్తాను. నా క్లినిక్‌కు వచ్చే కేసుల్లో సగం ఇలా వచ్చినవే.

ప్రెసిడెంట్ భీమశంకరరావు గారికి కూర్మన్నపాలెంలో కుక్కల్ని పెంచి పిల్లల్ని అమ్మే కెన్నెల్ ఉంది. తమ లాబ్రడార్ జూలీ మళ్లీ చూలుతో ఉందని, పిల్లలకు బుకింగ్ మొదలైందని ప్రకటించారు. చప్పట్లు. గత రెండు కాన్పులూ సిజేరియన్లే, నేనే చేశాను. దాని గర్భసంచి ఇక తట్టుకోదని అప్పుడే చెప్పానని అందరి ముందూ గుర్తుచేశాను. జూలీ మీకేటైనా ఆడపడుచా డాక్టరమ్మా అన్నారాయన. హాలంతా నవ్వింది.

నేను నవ్వలేదు.

27 ఫిబ్రవరి, శుక్రవారం

ఆయన భార్య కాంతం గారు ఉదయమే జూలీని ఆటోలో తెచ్చారు. నొప్పులు ఆగిపోయాయి, పిల్ల రావడం లేదు. ఆపరేషన్ మొదలుపెట్టాను.

పిల్లలన్నీ బతికాయి. గర్భసంచి గోడ మాత్రం ఉల్లిపొరలా ఉంది. వెనుక ఉంచిన నా వేలు ఇవతలికి కనిపించింది. కుట్టి వదిలేస్తే మరుసటి చూలులో చిరిగిపోతుంది, జూలీ బతకదు. తీసేయాలి. భీమశంకరరావు గారు విజయవాడ డాగ్ షోలో ఉంటే అసిస్టెంట్‌ చేత ఫోన్ చేయించాను. కుట్టేసి పంపీండి, మిగతాది నాను సూసుకుంటాను అన్నారట.

గుమ్మంలో ఉన్న కాంతం గారు అది విన్నారు. ఆయన సూసేదేటి, దానికి కూడెట్టేది నాను, పురిటికాడ కూకునేది నాను, తీసీండి డాక్టరమ్మా అన్నారు. సంతకం చేశారు. కెన్నెల్లో మిగిలిన తల్లులు రోజీ, డాలీ, స్వీటీల గతీ ఇంతేనా అని కూడా అడిగారు. అది తర్వాత అని కత్తెర అందుకున్నాను.

తీసేశాను.

28 ఫిబ్రవరి

జూలీ నీళ్లు తాగింది.

3 మార్చి, బుధవారం

భీమశంకరరావు గారు క్లినిక్‌కు వచ్చి, వరండాలో కూర్చున్నవారందరికీ వినబడేలా అరిచారు. నడుస్తున్న ఫ్యాక్టరీకి తాళం వేసేశానట. ఆయన ముగించేదాకా ఆగాను. కుట్లు ఇంకా పచ్చిగా ఉన్నాయి, జూలీని మెట్లు ఎక్కనివ్వకండి అని చెప్పాను. అది ఆయనకు మరింత కోపం తెప్పించింది.

సాయంత్రం సెక్రటరీ ఉమాశంకర్ ఫోన్. భీమశంకరరావు గారి బావమరిది, పూర్ణా మార్కెట్లో అక్వేరియం షాపు అతనిది, మంచివాడు. మీటింగ్‌లో ఒక్క సారీ పడేయండి మేడమ్, బావ సల్లబడిపోతాడు అన్నాడు. లేకపోతే సర్కిల్ నుంచి నన్ను తీసేస్తారట, ఇకపై ఎవరూ నాకు పేరు ఇవ్వరట.

తప్పు చేసి ఉంటే సారీ చెప్పడానికి మీ ఫోన్ దాకా ఆగేదాన్ని కాదు అన్నాను.

14 మార్చి, ఆదివారం

వెళ్లాను. ఇస్త్రీ చీర కట్టుకుని, ముందు వరుసలోనే కూర్చున్నాను.

నా వంతు రాగానే లేచాను. గర్భసంచి ఎంత పలచబడిందో, కుట్టి ఉంటే ఏమయ్యేదో ఒక్కొక్కటిగా వివరించాను. రేపు మరో జూలీ వచ్చినా ఇదే చేస్తానన్నాను. సారీ అనే మాట ఎక్కడా రాలేదు.

నన్ను తీసేయడానికి చేతులెత్తమన్నారు. షాపులవారందరూ ఎత్తారు, ఉమాశంకర్ తల దించుకుని ఎత్తాడు. వెనుక కుర్చీల్లో పెంపుడు కుక్కలతో, పిల్లులతో వచ్చే మామూలు సభ్యులున్నారు. వారూ చందా కడతారు. వారిని ఎవరూ అడగలేదు. వారికి ఓటు లేదా అని నేను అడిగాను. ఆళ్లకి టిఫిన్ ఉందండీ అని ఎవరో అన్నారు. మళ్లీ నవ్వులు.

నా కాఫీ నిదానంగా, చివరిదాకా తాగాను. తర్వాతే లేచాను.

వెనుక వరుసలో కాంతం గారు ఒక్కరే నవ్వలేదు.

29 మార్చి

వరండా ఖాళీగా ఉంది. బెంచీలు కడిగించాను.

11 ఏప్రిల్, రెండో ఆదివారం

హోటల్‌కు వెళ్లలేదు. నా వరండాలోనే కుర్చీలు వేయించి, బోర్డు మీద మీటింగ్ అని రాశాను. వెనుక వరుసవారు వచ్చారు. జూలీ మెట్లు ఎక్కి వచ్చింది, వెనుక కాంతం గారు.

ఆచారం ప్రకారం పేర్లు ఇమ్మన్నాను. ముందుగా ఆవిడే లేచారు.

రోజీ. డాలీ. స్వీటీ.

ముగ్గురూ బయట ఆటోలో ఉన్నారట.