వెనక బండిలో ఎవరూ లేరు

మిల్టన్,
4 అక్టోబర్ 2022

ఫ్యాక్టరీ లంచ్ టేబుల్ దగ్గర ఇరవై ఏళ్ళు నా పెరుగన్నంలో సగం తిన్న సంతోషం గారికి నమస్కారాలు.

ఈ ఉత్తరం రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. ఫోన్‌లో చెబుదామంటే మీరు ఎత్తడం లేదు. ఇక్కడ మేం క్షేమం. అక్కడ మీరు క్షేమంగా, కోపంగా ఉన్నారని ఊహిస్తున్నాను.

ఆదివారం మీ ఇంటి ముందు ఆగకుండా పోయిన మాట నిజం. ఎందుకో చెప్పాలంటే మోటర్‌హోమ్ ఎందుకు కొన్నానో చెప్పాలి. గ్వెల్ఫ్ ఫ్యాక్టరీలో రిటైర్ అయినప్పుడు నాకు మడత కుర్చీ ఇచ్చారు, గుర్తుందా? కుర్చీ ఉన్నాక వేసుకోడానికి ఒక సరస్సు ఒడ్డు ఉండాలి. అంత దూరం పోయాక పడుకోడానికి ఇల్లుండాలి. అలా కుర్చీ కోసం చక్రాల ఇల్లు కొన్నాను.

సరే, అసలు సంగతి కావ్యశ్రీ. ఈ ఏడు చదువులకని మన పిల్లలు ఎంతమంది దిగారో మీకు తెలుసు. ఈ పిల్లకి కాలేజీ మీ కెనడా లండన్‌లో, గది మాత్రం ఎక్కడా దొరకలేదు. కిరాణా కొట్లో మా ఆవిడ ఈశ్వరమ్మకి కనపడి ఏడ్చింది. అప్పట్నుంచీ మా డ్రైవ్‌వేలో మోటర్‌హోమ్‌లోనే ఉంటూ, బస్సులు మారి క్లాసుకి పోతోంది. చలి ముదిరితే అందులో నీళ్ళ గొట్టాలు గడ్డకడతాయి, మనిషి ఉండడం కుదరదు. మీ బేస్‌మెంట్ గది ఇస్తామన్న రోజు ఈశ్వరమ్మ రెండు దీపాలు పెట్టింది. ఒకటి మీ దేవుడికి.

అందుకే ఆ పిల్లనీ, పెట్టెల్నీ, పరుపునీ వేసుకుని వచ్చాం. మీ వీధిలో రెండు వైపులా కార్లు. ఆగడానికి చోటు లేదు, వెనక్కి వచ్చే వీలు అసలే లేదు. అందుకని చెయ్యి ఊపాం. ఒక చుట్టు తిరిగి వద్దామనుకుంటే, మీ వీధి చివరి మలుపు మమ్మల్ని హైవే ఎక్కించేసింది.

దయచేసి గది ఇంకెవరికీ ఇవ్వకండి.

మీ వీరభద్రం

తా.క.: మీ ఇంటావిడ కృపాబాయి గారు "అన్నయ్యగారూ, ఆగండీ!" అని వెనక నుంచి కేకేశారు. బయల్దేరిన మనిషిని వెనక నుంచి పిలిస్తే పని చెడుతుందని ఈశ్వరమ్మ నమ్మకం. దారి పొడుగునా తప్పంతా ఆ కేకదేనంది. నేను కాదనలేదు. నా పేరు రాలేదు కదా.

* * *

లండన్,
8 అక్టోబర్

వీరభద్రం అన్నగారికి వందనాలు. ప్రభువు దయవల్ల ఒంట్లో బాగానే ఉంది. మనసులో లేదు.

మీ ఉత్తరంలో కుర్చీకి దొరికిన చోటు మా అవమానానికి దొరకలేదు. కృపాబాయి హాస్పిటల్ డ్యూటీ మార్చుకుని చేపల పులుసు పెట్టింది. చేతిలో గరిటెతోనే గుమ్మంలోకి పరిగెత్తింది. మీరేమో ఊరేగింపులో పెళ్ళికొడుకులా చెయ్యి ఊపుకుంటూ పోయారు.

అంతకన్నా బాధ, మీ వెనకే వచ్చిన పికప్ ట్రక్కు. నడిపింది మీ అల్లుడు రామ్మోహన్ గారే అయ్యుండాలి. మమ్మల్ని చూడగానే సీటు కింద దాక్కున్నారు! స్టీరింగ్ దగ్గర తల కనపడలేదు గానీ బ్రేక్ లైట్లు వెలిగాయి. కృపాబాయి కళ్ళారా చూసింది. మా ఇల్లు చూసి అంతగా దాక్కోవాల్సిందేముంది అన్నగారూ? గదికి కొత్తగా పెయింట్ కూడా వేయించాను.

చర్చిలో స్టెఫీ అనే అమ్మాయి గది అడుగుతోంది. పదహారో తారీకు దాకా చూస్తాను. ఆ తర్వాత నన్ను అనకండి.

సంతోషం

తా.క.: వెనక్కి రావడం వీలు కాదంటున్నారు. మీకు లైసెన్స్ ఇచ్చినాయన ఇంకా ఉద్యోగంలో ఉన్నాడా?

ఇంకో తా.క.: పులుసు మేమిద్దరమే మూడు రోజులు తిన్నాం. రెండో రోజు చాలా బాగుంది.

* * *

మిల్టన్,
11 అక్టోబర్

కోపంలో కూడా పులుసు రుచి దాచుకోలేని సంతోషం గారికి,

వెనక బండిలో ఎవరూ లేరు. రామ్మోహన్ ఆ రోజు విన్నిపెగ్‌లో ఉన్నాడు. అంత దూరంలో ఉన్నవాడికి మీ నుంచి దాక్కోవాల్సిన అవసరం లేదు.

మీరు ఆఫీసు గదిలో, నేను మెషిన్ల దగ్గర పనిచేసినవాళ్ళం కాబట్టి ఓపిగ్గా చెబుతాను. పికప్‌ని టో బార్ అనే ఇనప కడ్డీతో మోటర్‌హోమ్ వెనక తగిలిస్తాం. నాలుగు చక్రాలూ నేలమీదే ఉంటాయి. అది ఫోర్ వీల్ డ్రైవ్ బండి కదా, అందులో ట్రాన్స్‌ఫర్ కేస్ అని ఒకటుంటుంది. దాన్ని న్యూట్రల్‌లో పెడితే ఇంజనుకీ చక్రాలకీ మాటలుండవు. చక్రాలు దొర్లుతుంటాయి, ఇంజను నిద్రపోతుంది. మన ఫ్యాక్టరీలో మేమూ, మేనేజరూ ఉన్నట్టు. బ్రేక్ తొక్కేది పెడల్ దగ్గర బిగించిన ఒక పెట్టె.

అలా తగిలించాక ముందుకి ఎంత దూరమైనా పోవచ్చు. వెనక్కి మాత్రం పోకూడదు. పోతే పికప్ ముందు చక్రాలు అడ్డం తిరిగి, కడ్డీ వంగుతుంది. ముందు రెండు బళ్ళనీ విడదీయాలి, అందుకు చోటుండాలి. మీ వీధిలో అది లేదు. అంతే నా నేరం.

మీ గది చూసి ముఖం తిప్పుకునే స్థితిలో ఎవరూ లేరు. మీ ఇల్లు దాటుతుంటే ఆ పిల్ల కిటికీకి ముక్కు ఆనించి, "అదేనా అంకుల్, నా గది?" అంది. అవునన్నాను. అప్పటికే హైవే బోర్డు కనపడుతోంది.

ఇవాళ మోటర్‌హోమ్ అద్దాల మీద మంచు పేరుకుంది. స్వెటర్ మీద స్వెటర్ వేసుకుని "బానే ఉంది అంకుల్" అంటోంది. బాగాలేదు సంతోషం గారూ.

మీ వీరభద్రం

తా.క.: పికప్ ఒక్కటే తెస్తే సరిపోయేది కదా అని మీరు అడగబోతున్నారు. ఈశ్వరమ్మ ముందే అడిగింది. కొత్త టో బార్ మీకు చూపిద్దామనుకున్నాను.

* * *

లండన్,
14 అక్టోబర్

అన్నగారికి వందనాలు, క్షమాపణలు.

మీ ఉత్తరం కృపాబాయికి చదివి వినిపించాను. మనిషి లేని బండి హైవే మీద పోయిందనగానే ప్రార్థనకి మోకాళ్ళ మీద కూర్చుంది. లేచాక, "ఆ పిల్ల చలిలో ఉంటే మీరు పౌరుషాలకి పోతారా?" అని నన్ను దులిపేసింది. స్టెఫీకి చర్చిలో వేరేవాళ్ళింట్లో చోటు చూశాం. గది కావ్యశ్రీదే.

మా చర్చి పార్కింగ్‌కి రెండు గేట్లున్నాయి. ఇటు వచ్చి అటు పోవచ్చు. నేనే మోటర్‌హోమ్ అనుకుని ఆ దారంతా నడిచి చూశాను. ఒక్క అడుగు కూడా వెనక్కి వెయ్యక్కర్లేదు. ఎవరో అడిగితే రివర్స్ లేని బండినని చెప్పాను. పాస్టర్ గారు ఒప్పుకున్నారు. అక్కడ బళ్ళు విడదీసుకుని, పికప్‌లో పరుపు మా ఇంటికి తెండి. ఇరవై మూడు, ఆదివారం. భోజనం ఇక్కడే. ఈసారి చెయ్యి ఊపితే ఊరుకోను.

సంతోషం

తా.క.: ఆ అమ్మాయికి ఇక్కడి స్టోర్‌లో పార్ట్‌టైమ్ మాట్లాడాను. ఆదివారాలు బస్సు సరిగా ఉండదు, అదొక్కటే బెంగ. మా కారు కృపాబాయి డ్యూటీకి పోతుంది. నాకు లైసెన్స్ ఉంది, బండే లేదు. రివర్స్ కూడా వచ్చు.

* * *

మిల్టన్,
25 అక్టోబర్

ఆరెంజ్ జాకెట్ వేసుకుని చర్చి గేట్లో నా బండికి విమానానికి చూపించినట్టు దారి చూపించిన సంతోషం గారికి,

మీ ఇద్దరికీ కృతజ్ఞతలు ఎలా చెప్పాలో నాకు తెలీదు. బడికి పోనివాణ్ణి, చదివినవన్నీ పాత పేపర్లూ, మెషిన్ల మాన్యువల్సూ. వాటిల్లో ఈ మాటలు ఉండవు. ఆ పిల్ల తన గది కిటికీ తెరిచింది, మూసింది, మళ్ళీ తెరిచింది. నేను చూశాను. కృపాబాయి గారు అన్నం పెడుతుంటే తల ఎత్తకుండా తింది. ఈశ్వరమ్మ చాలాసేపు నీళ్ళు తాగుతూనే ఉంది.

ఇక, మీరు నిన్నట్నుంచి ఫోన్ చేస్తున్నారు. ఈసారి నేనే ఎత్తలేదు. సిగ్గేసి.

భోజనాలయ్యాక ఫ్యాక్టరీ కబుర్లలో పడి చర్చి దాకా నడిచాం కదా. మోటర్‌హోమ్ ఎక్కాను, పోనిచ్చాను. ఇంటికొచ్చి డ్రైవ్‌వేలోకి ఒక్క ఊపున రివర్స్ చేశాను. ఎంత హాయిగా వచ్చిందో! "చూశావా, నాకు రివర్స్ రాదన్నాడు సంతోషం" అంటూ దిగి వెనక్కి వెళ్ళాను. టో బార్ ఉంది. పికప్ లేదు. మీ ఇంటి ముందే ఉండిపోయింది.

"నువ్వూ చూసుకోలేదా?" అన్నాను ఈశ్వరమ్మని.

"చూశాను. చర్చి గేటు దగ్గరే."

"మరి చెప్పవేం?"

"బయల్దేరిన మనిషిని వెనక నుంచి పిలవకూడదు కదా" అంది. లోపలికి పోతూ పోతూ, "ఆదివారం బస్సు లేకపోతే ఆ పిల్ల పనికెలా పోతుంది?" అంది.

మీ తా.క. ఆవిడ కూడా చదివిందన్నమాట.

మంచు కరిగేదాకా పికప్ అక్కడే ఉండనివ్వండి. ఇన్సూరెన్స్‌లో మీ పేరు చేర్పించాను. ఈ చలికాలం సరస్సు ఒడ్డున మా కుర్చీకి పనేం లేదు.

మీ వీరభద్రం

తా.క.: ఈసారి పోయేటప్పుడు లోపల మనిషి ఉండేట్టు చూసుకోండి. కృపాబాయి గారు కంగారుపడతారు.

ఇంకో తా.క.: పికప్ తాళం చెవి ఈ కవర్లోనే ఉంది. బరువెక్కిందని ఈశ్వరమ్మ ఇంకో స్టాంపు అంటించింది.