ఎత్తి ఉంచిన బకెట్

అన్నా,

నువ్వు పోయి నిన్నటికి ఏడాది. పోయిన నెల మంగంపేటలో, ముందున్న పెద్ద బకెట్‌తో రాళ్ళూ మట్టీ ఎత్తిపోసే పాత లోడర్ ఒకటి కొన్నాను. ముగ్గురాయి గనుల్లో ఏళ్ళ తరబడి నలిగిన బండి.

కొనేముందు నువ్వు చేసినట్టే చేశాను. బకెట్ నిండా రాళ్ళు పైకెత్తించి, ఇంజిన్ ఆపించి, బకెట్‌ను ఎత్తిపట్టే సిలిండర్ రాడ్డు మీద చాక్‌పీసుతో గీత గీసి టీ తాగడానికి పోయాను. వచ్చేసరికి బకెట్ కిందికి జారి, గీత సిలిండర్ లోపలికి పోయి ఉంటే, లోపల ఆయిల్ జారకుండా ఆపే సీళ్ళు పోయినట్టేనని నువ్వే కదా నేర్పింది.

బండి అమ్మే ఆయన విసుక్కున్నాడు. "ఏమప్పా, ఒక్క టీ ఎంతసేపు తాగుతాండావు?"

ఒకప్పుడు నేను నిన్ను అన్న మాటే. ఆ రోజు టీ సగంలో ఉండగానే నిన్ను లేపుకొచ్చి కొనిపించిన బండి, నెల తిరక్కముందే బకెట్ ఎత్తి పట్టలేకపోయింది. నువ్వు నన్ను ఒక్క మాట అనలేదు. "సీళ్ళు మార్చుకుంటే సరిపోతాదిలేరా, ఆ పానా ఇట్లియ్యి" అన్నావు.

ఈ బండికి గీత కదల్లేదు. బ్రేకులు, ఆయిల్ పైపులు మార్చి రంగు వేశాను. మొదటి పని మన చర్చి వాళ్ళే ఇచ్చారు. సమాధుల తోటకు పోయే బాట చదును చేయమన్నారు. నిన్ను మోసుకుపోయిన రోజు మేం తడబడింది ఆ బాట గుంతల్లోనే. ఈ పొద్దున అన్నీ పూడ్చేశాను.

పనయ్యాక నీ సమాధికి కాస్త ఎడంగా బండి నిలిపాను. బకెట్ నిండా మట్టి ఎత్తి, ఇంజిన్ ఆపి, గీత గీసి, ఫ్లాస్కు తీసుకుని నీ దగ్గరికి వచ్చాను.

ఈసారి చివరిదాకా తాగాను అన్నా.