ముల్లు దిగిన కాలు

మంగళవారం, వనపర్తి

చెంప ఇంకా మండుతోంది. మానవపాడు నుంచి వచ్చిన మిరపతోట కూలీ మరియమ్మ కాలును ఈ మధ్యాహ్నం మోకాలి పైన కోసి తీసేశాం. నాలుగు రోజుల కిందట మడమలో ముల్లు దిగిందట. పిక్కంతా నల్లబడి కుళ్లిపోయింది.

ఆపరేషన్‌కు సంతకం అడిగితే ఆమె తమ్ముడు దావీదు నా కాలర్ పట్టుకున్నాడు.

"ముల్లు గుచ్చుకుంటే కాలు నరుకుతరా? ఏంది సారూ గిది?"

"ఒంట్లకు సొచ్చిన బ్యాక్టీరియాను పట్టుకునేటివి యాంటీబాడీలు. ఈ కాలుల ఉన్న బ్యాక్టీరియా ఎంజైమును వదిలి వాటినే నడుమకు తెంపుతది. ఇగ ఆపేటోళ్లు లేక కండను చంపుకుంట పైకి పోతది. తొడ దాటితే పాణం దక్కదు."

అతను చాచి కొట్టాడు. స్ట్రెచర్ మీద నుంచి మరియమ్మ అరిచింది.

"సార్‌ను కొడ్తవేందిరా? కాలు నాది. నా ఏలుముద్ర ఏయించుకోండ్రి."

సాయంత్రం దావీదు తల వంచుకుని వచ్చాడు. మట్టిలో పెట్టుకుంటానని అక్క కాలు అడిగాడు. గుడ్డలో చుట్టి ఇస్తే రెండు చేతులా అందుకుని, నాకు దండం పెట్టే వీలు లేక అలాగే నిలబడ్డాడు.

అప్పటికే నేను కట్టు విప్పి చూశాను. కోసిన చోటుకు పైన రెండు వేళ్ల మేర ఎరుపెక్కింది. అది మామూలు వాపేనేమో... అతనికి చెప్పలేదు.