మెట్ల కింది సందు

మావయ్యగారికి,

మీ కోడలు నమస్కారాలతో రాస్తున్నది. ఇది ఫోన్‌లో చెప్పగలిగిన మాటైతే నిన్ననే చెప్పేదాన్ని. మీ గొంతు వినగానే ఇంకేవో మాట్లాడి పెట్టేశాను. వచ్చి చెబుదామంటే, మీరు కుర్చీ లాగి కూర్చోబెడతారు, ప్రయాణం ఎలా జరిగిందని అడుగుతారు, ఇక నేను చెప్పినట్టే! అందుకే రాస్తున్నాను. కూర్చుని చదవండి.

మీకు చెప్పవద్దనే మీ అబ్బాయి అన్నారు. "అమ్మ ఎలాగూ తిరిగి రాదు. నాన్ననైనా బతకనివ్వు," అని కోప్పడ్డారు. అప్పట్నుంచి మా మధ్య మాటల్లేవు. ఆయన మాటే విందామనుకున్నాను. కానీ నిన్న మీరు, "మిగతా బ్లాకుల మెట్లు కూడా సందుల్లేకుండా గట్టిచేసేస్తున్నానమ్మా. నాకు జరిగింది ఇంకెవరికీ జరగకూడదు," అన్నారు చూడండి, ఇక ఆగలేక కాగితం తీసుకున్నాను.

మావయ్యగారూ, భూకంపంలో అత్తయ్యని పొట్టన పెట్టుకున్న ఆ మెట్లు వదులుగా ఉండి పడలేదు. బిగుసుకుపోయి పడ్డాయి.

మీ బిల్డింగు గోడలు, దూలాలు, మెట్లు అన్నీ ఫ్యాక్టరీలో పోతపోసి తెచ్చి అక్కడ జతచేసినవి. ఒక్కో మెట్ల వరుస ఒకే పలక. పై కొసని బోల్టులతో బిగిస్తారు. కింది కొస మాత్రం గట్టు మీద ఊరికే ఆని ఉంటుంది, దాని ముందు నాలుగు వేళ్లు పట్టేంత సందు. అది మేస్త్రీలు పూడ్చడం మరిచిపోయిన సందు కాదు. భూమి ఊగినప్పుడు పై అంతస్తు ఒక పక్కకి, కింది అంతస్తు ఇంకో పక్కకి పోతాయి. ఆ తేడాకి మెట్లు ముందుకీ వెనక్కీ జారడానికి వదిలిన చోటది. మీ మెట్లకి ఆ చోటు లేకపోయింది. రెండు అంతస్తుల మధ్య నలిగి, నడుము విరిగి, అంతస్తులు మళ్లీ దూరం జరిగినప్పుడు గట్టు మీంచి ఊడిపోయాయి. అప్పుడు అత్తయ్య వాటి మీద ఉన్నారు.

శిథిలాల్లోంచి ఆ కొసని, కూలిన కట్టడాల్ని పరీక్షించే మా ల్యాబుకి తెచ్చారు. సందు నిండా సిమెంటు. అంచు అద్దంలా నున్నగా ఉంది. జీవితమంతా గడియారాలు బాగుచేసిన మీ చేతుల పని అని వేలితో తడమగానే అనుమానం వచ్చింది. మీ అబ్బాయిని అడిగితే, అత్తయ్య చేతికర్ర అందులో దిగబడుతోందని మీరే పూడ్చారని తలొంచుకుని చెప్పారు.

పూడ్చకూడదని మీకెవరు చెప్పారు? అక్కడొక బోర్డైనా లేదు. ఆ తప్పు కట్టినవాళ్లది. రిపోర్టులో అదే రాస్తాను. పూడ్చింది "నివాసుల్లో ఒకరు" అని మాత్రం ఉంటుంది, మీ ప్రస్తావన రానివ్వను.

కానీ మీరు ఇప్పుడు పూడ్చినవన్నీ తెరిపించాలి. భూమి ఇంకా సర్దుకోలేదు, మళ్లీ ఊగొచ్చు. మా ల్యాబువాళ్లొస్తే అక్కడి జనం ఆ మెట్ల మీద చెయ్యి వెయ్యనివ్వరు. మీరు బిగించారన్న ధైర్యంతో ఉన్నారు, మీ మాటే వింటారు. కర్రలు దిగబడకుండా సందు మీద ఇనుప రేకు పరవచ్చు, ఒక వైపే బిగించి.

నా మీద కోపమొస్తే రానివ్వండి. మీరు నాతో మాట్లాడకపోయినా భరిస్తాను. ఆ మెట్ల మీద ఇంకొకరు పోతే మాత్రం భరించలేను.

మీ కోడలు


అమ్మాయీ,

చల్లగా ఉండు. నీ ఉత్తరం చదివాక చాలాసేపు మీ అత్తయ్య కర్ర పట్టుకుని కూర్చున్నాను. అబద్ధమెందుకు, ముందు నీ మీద కోపమే వచ్చింది. ఏడుపు తర్వాత వచ్చింది.

చక్రానికి వెంట్రుకవాసి వదులు ఉంచకపోతే గడియారం ఆగిపోతుందని ఎంతమందికో నేర్పినవాణ్ణి. మెట్లకీ అది కావాలని నాకు తట్టలేదు. "నేను దాటుకుని వెళ్తాలెండి. అయినా కన్నం కనబడితే మీకు నిద్రపట్టదుగా," అని మీ అత్తయ్య వెక్కిరించింది కూడా. విన్నానా!

పొద్దున్నే బ్లాకుల వాళ్లందర్నీ కిందికి పిలిచి నీ ఉత్తరం చదివి వినిపించాను. మీ అత్తయ్య సంగతి దగ్గర నేను ఆగిపోతే, ఎదురింటి టైలరు అందుకుని చదివాడు. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. ఉలి, సుత్తి నేనే తీసుకున్నాను. నా సిమెంటు అంత తేలిగ్గా ఊడిరాదు కదా, అందరూ తలో చెయ్యి వేశారు. సందులన్నీ తెరిచాం. నువ్వు చెప్పినట్టే రేకులు వేశాం. ఎవరు కాలు పెట్టినా మీ అత్తయ్య కర్రలా టక్కుమంటోంది. ఆ చప్పుడుకి నేను ప్రతిసారీ తలెత్తి చూస్తున్నాను.

మావాడితో మాట్లాడు. వాడికి మిగిలింది నేనొక్కణ్ణే అని భయపడ్డాడు, అంతే.

ఒక్కటి మాత్రం నీ ఇష్టానికి వదలను. "నివాసుల్లో ఒకరు" అని రాయకు. ఎవడో బాధ్యత లేనివాడు చేశాడనుకుంటారు. "ఆమె భర్త" అని రాయి. నిర్లక్ష్యంగా చెయ్యలేదు, ఎంతో శ్రద్ధగా చేశాడని కూడా రాయి. అది చదివితేనే ఇంకో ఇంట్లో ఇంకో మొగుడు సిమెంటు కలపబోయి ఆగుతాడు.

మీ మావయ్య